చూసుకునే వారికి నేర్పేదెవరు?

పెద్దల బాగోగులు జీతానికి వచ్చే మనుషుల చేతుల్లోకి వెళ్లిపోయిన గురుగ్రామ్‌లో, వేధింపును గుర్తుపట్టే కనీస శిక్షణ ఎవరికీ తప్పనిసరి కాదు

ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది ప్రాంతాల్లో గురుగ్రామ్ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర రోజూ ఒక చిన్న గుంపు తయారవుతుంది. పన్నెండు గంటల డ్యూటీ దిగి వెళ్లేవారు కొందరు, ఎక్కడానికి వచ్చేవారు కొందరు. భుజాన సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. ఏజెన్సీ కాగితాల్లో వీరు అటెండెంట్లు లేదా కేర్‌టేకర్లు. ఇళ్లలో మాత్రం ఆయా, భయ్యా. సెక్యూరిటీ గార్డు ఫోన్‌లోని యాప్‌లో ఫ్లాటు నంబరు కొట్టి లోపలికి పంపుతాడు. బయటికి వచ్చేటప్పుడు సంచి తెరిచి చూస్తాడు. ఇంట్లోంచి వెండి గ్లాసు పోకుండా చూసుకోవడానికి ఈ నగరం దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆ పన్నెండు గంటల్లో మంచం మీది మనిషికి ఏం జరిగిందో తెలుసుకునే పద్ధతి మాత్రం లేదు.

2016 దాకా గుర్గావ్‌గా ఉన్న ఈ ఊరు కుర్రకారు నగరమన్న పేరు తెచ్చుకుంది. కాల్ సెంటర్లు, గాజు మేడలు, అర్ధరాత్రి దాటినా వెలిగే ఆఫీసులు. కానీ రెండు దశాబ్దాల క్రితం ఇక్కడికి ఉద్యోగాలకు వచ్చినవారికి ఇప్పుడు యాభై దగ్గరపడుతోంది. వారి తల్లిదండ్రులు ఎనభైల్లోకి వచ్చారు. సైబర్ సిటీలో, ఉద్యోగ్ విహార్‌లో పనిచేసే తెలుగువారి ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా మిగిలిన తల్లిని తీసుకొచ్చి పద్నాలుగో అంతస్తులో పెడతారు. కొడుకు, కోడలు ఆఫీసుకు వెళ్లాక ఆమెకు తోడు జార్ఖండ్ నుంచో బెంగాల్ నుంచో వచ్చిన ఒక అమ్మాయి. ఆ అమ్మాయికి తెలుగు రాదు, ఈమెకు హిందీ రాదు. నొప్పిగా ఉందని చెప్పుకోవడానికే మాట లేని చోట, కొట్టిందని చెప్పుకోవడానికి మాట ఎక్కడి నుంచి వస్తుంది?

దేశంలో 60 ఏళ్లు దాటినవారు 2011 జనాభా లెక్కల ప్రకారం 10.38 కోట్ల మంది. 2050 నాటికి వీరి సంఖ్య దాదాపు 35 కోట్లకు, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి చేరుతుందని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. వీరిలో ఎందరు వేధింపులకు గురవుతున్నారన్నది అంత తేలిగ్గా తేలే లెక్క కాదు. 2017-18లో జరిపి 2021లో విడుదల చేసిన జాతీయ స్థాయి సర్వే (లాసీ)లో, గడచిన ఏడాదిలో తమ పట్ల ఎవరో ఒకరు చెడుగా ప్రవర్తించారని చెప్పిన వృద్ధులు అయిదు శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా అంతకు మూడు రెట్లు. సమాజంలో జీవిస్తున్న వృద్ధుల్లో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక వేధింపును చవిచూస్తున్నారని ఆ సంస్థ చెబుతోంది. మన వృద్ధులు మూడు రెట్లు సుఖంగా ఉన్నారని దీనికి అర్థం చెప్పుకోవచ్చు. తమకు అన్నం పెట్టేవారి గురించి ఇంటికొచ్చిన సర్వేయర్‌కు చెప్పడం ఎంత కష్టమో తెలిసినవారు మాత్రం ఆ అర్థం చెప్పుకోరు.

వయసు మళ్లినవారిదే కాదు ఈ సమస్య. 2025 ఏప్రిల్‌లో గురుగ్రామ్‌లోని ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో వెంటిలేటర్‌పై ఉన్న ఒక మహిళ, తనపై లైంగిక దాడి జరిగిందని డిశ్చార్జి అయ్యాక పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆ సమయంలో అక్కడ నర్సులు ఉన్నారని కూడా ఆమె ఆరోపించారు. పోలీసులు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసి ఆస్పత్రిలో పనిచేసే ఒక టెక్నీషియన్‌ను అరెస్టు చేశారు. నేరం రుజువు కావాల్సింది న్యాయస్థానంలో. కానీ నిన్నటిదాకా తన కాళ్ల మీద తాను నిలబడ్డ మనిషి కూడా ఒక గొట్టం, రెండు మత్తు ఇంజెక్షన్ల దూరంలో ఎంత నిస్సహాయ స్థితికి చేరుకుంటారో ఆ ఫిర్యాదు తెలియజెప్పింది.

ఆ మరుసటి నెలల్లోనే, జూన్‌లో, పొరుగున ఉన్న నోయిడా సెక్టార్ 55లోని ఒక వృద్ధాశ్రమంపై ఉత్తరప్రదేశ్ మహిళా కమిషన్, అధికారులు దాడి చేశారు. తాళాలు వేసిన గదుల్లో, కొందరు కట్టేసిన చేతులతో, కొందరు ఒంటి మీద సరైన బట్టలు లేకుండా కనిపించారు. ఒక వృద్ధురాలి దుస్థితి వీడియోగా బయటికి రాకపోతే ఆ తలుపులు తెరుచుకునేవి కావు. అంతకు అయిదేళ్ల ముందు, 2020 జనవరిలో, హైదరాబాద్ శివారు కీసర పోలీసు స్టేషన్ పరిధిలోని నాగారంలో బయటపడ్డ ఉదంతం కూడా ఇలాంటిదే. వృద్ధాశ్రమం పేరిట నడుస్తున్న ఇంట్లో మానసిక రోగులు సహా పదుల సంఖ్యలో మనుషులను కుక్కి ఉంచారు. కొందరిని గొలుసులతో కట్టేశారన్న ఆరోపణలొచ్చాయి. ఇవేవీ మారుమూల ఊళ్లు కావు. చుట్టూ ఇళ్లున్న వీధులు.

ఇలాంటివి బయటపడ్డప్పుడల్లా వినిపించే మొదటి డిమాండు సీసీ కెమెరా. గురుగ్రామ్‌లో ఇప్పటికే చాలా ఇళ్లలో హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి ఉన్నాయి. మీటింగ్ మధ్యలో ఫోన్ తీసి తల్లి మంచం వైపు చూసుకునే కొడుకులున్నారు. కెమెరా చెంపదెబ్బను చూపిస్తుంది. డైపర్ మార్చే పని తగ్గుతుందని మధ్యాహ్నం నుంచి నీళ్లు ఇవ్వడం మానేసిన సంగతిని చూపించదు. చూపించినా, అది వేధింపేనని చూసేవాడికి తెలియాలి కదా.

ఆ తెలియడాన్నే ఒక పాఠంగా మార్చుకున్న దేశాలున్నాయి. బ్రిటన్‌లో 2000లో ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల పేరు 'నో సీక్రెట్స్'. నిస్సహాయ స్థితిలోని పెద్దలను వేధింపుల నుంచి కాపాడే బాధ్యతను స్థానిక సంస్థలు, పోలీసులు, ఆస్పత్రులు కలిసి మోయాలన్నది దాని సారం. అయినా 2011లో బ్రిస్టల్ సమీపంలోని వింటర్‌బోర్న్ వ్యూ ఆస్పత్రిలో మానసిక ఎదుగుదల లేని రోగులను సిబ్బంది కొట్టడం, నీళ్లు పోసి హింసించడం బీబీసీ రహస్య కెమెరాకు చిక్కింది. మరుసటి ఏడాది 11 మందికి శిక్షలు పడ్డాయి. వారిలో ఆరుగురు జైలుకెళ్లారు. 2014లో కేర్ చట్టం వచ్చింది. 2015 నుంచి సంరక్షణ రంగంలో కొత్తగా చేరేవారి కోసం రూపొందించిన కేర్ సర్టిఫికెట్‌లో పదో అంశం అచ్చంగా ఇదే: పెద్దలను వేధింపుల నుంచి కాపాడటం. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేర్ వర్కర్లకు వీసాల తలుపులు తెరిచాక, 2025 జులైలో విదేశాల నుంచి కొత్త నియామకాలను ఆపేసేదాకా, మన వాళ్లు కూడా ఆ దారిన వెళ్లారు. అక్కడి ముసలాయన చేతి మీద కమిలిన గాయం కనిపిస్తే ఏం రాయాలో, ఎవరికి చెప్పాలో వారికి నేర్పారు. ఇక్కడ వారి నాయనమ్మను చూసుకునే మనిషికి ఎవరూ నేర్పలేదు.

నేర్పడానికి ఏళ్లేమీ పట్టదు. ప్రాథమిక స్థాయి శిక్షణ ఒక పూటలో అయిపోతుంది. అందులో మొదటి భాగం చూడటం. మనిషి పడిపోతే దెబ్బలు సాధారణంగా ఎముక పైకి ఉండే చోట, అంటే మోకాళ్లు, మోచేతులు, నుదుటి మీద తగులుతాయి. రెండు జబ్బల లోపలివైపు వేళ్ల అచ్చుల్లాంటి మరకలుంటే ఎవరైనా పట్టుకుని కుదిపారేమో అడగాల్సిందే. అలాగని ప్రతి మరకా నేరానికి రుజువు కాదు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారికి చిన్న తాకిడికే ఒళ్లు కములుతుంది. అనుమానించడం వేరు, తీర్పు చెప్పడం వేరు అన్నది ఈ శిక్షణలో మళ్లీ మళ్లీ చెప్పే మాట. మంచాన పడ్డవారిని సుమారు రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పకపోతే మడమల దగ్గర, నడుము కింద పుండ్లు పడతాయి. ముదిరిన పుండు చాలాసార్లు ఎవరూ చూడని రోజుల లెక్క. పగలంతా మత్తుగా ఉండటం, బట్టలు వదులైపోవడం, ఏం అడిగినా పక్కనున్న మనిషే జవాబు చెప్పడం, పెన్షన్ ఖాతాలోంచి ఎన్నడూ లేనంత డబ్బు డ్రా కావడం, ఎప్పుడూ కబుర్లు చెప్పే పెద్దాయన ఒక వారంగా గోడవైపు తిరిగి పడుకోవడం. ఇవన్నీ ఆ జాబితాలోనివే.

ఇందులో కొన్ని అంశాలు విని మంచి కుటుంబాలే ఉలిక్కిపడతాయి. రాత్రి లేచి పడిపోతారని చున్నీతో మంచానికి కట్టడం, బాత్రూం తలుపు తీసి పెట్టి నలుగురి ఎదుట స్నానం చేయించడం, 'ఇలా చేస్తే ఆశ్రమంలో పడేస్తాం' అని నవ్వుతూ బెదిరించడం, చిరాకు తగ్గుతుందని డాక్టరు రాయని నిద్రమాత్ర అన్నంలో కలపడం. చేసేవారికి ఇది వేధింపన్న ఆలోచనే రాదు. ప్రేమతోనే చేస్తున్నామనుకుంటారు. శిక్షణ అవసరం జీతగాళ్లకే అనుకునేవారు ఈ భాగం దగ్గర ఆగి ఆలోచించాలి.

రెండో భాగం వినడం. ఒక ఉదాహరణ అనుకోండి. మతిమరుపు ముదిరిన 82 ఏళ్ల పెద్దావిడ 'ఆ అమ్మాయి నన్ను గిల్లుతోంది' అంది. ఇంట్లోవారు నిన్న కూడా ఆమె చనిపోయిన భర్త వచ్చాడని చెప్పిందని గుర్తు చేసుకుని కొట్టిపారేస్తారు. ఆమె పొరబడి ఉండొచ్చు. మతిమరుపు ఉన్నంత మాత్రాన ప్రతి మాటా అబద్ధం కాదు. పైగా మాట చెల్లదని అందరికీ తెలిసిన మనిషినే గిల్లడం తేలిక. అందుకే ఆమె అన్న మాటను అన్నట్టే, ఆమె భాషలోనే, తేదీ, సమయం వేసి రాసుకోవాలి. 'ఎవరు, సునీతేనా?' అంటూ పేర్లు అందించకూడదు. 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. లైంగిక దాడి అనుమానం ఉంటే స్నానం చేయించకూడదు, బట్టలు ఉతకకూడదు. అనుమానం ఉన్న మనిషిని అక్కడికక్కడ నిలదీయకూడదు. మన ఇళ్లలో అన్నిటికంటే ముందు జరిగేది ఆ నిలదీయడమే. గంటసేపు అరుపులు, ఏజెన్సీకి ఫోన్, సాయంత్రానికి ఇంకో మనిషి. మొదటి మనిషి మరుసటి ఉదయం సోహ్నా రోడ్డులో ఇంకో ఇంటి గేటు దగ్గర సంచితో నిలబడుతుంది.

అన్నిటికన్నా కష్టమైన పాఠం మరొకటుంది. పెద్దవారు పిల్లలు కారు. కొడుకు పెన్షన్ లాక్కుంటున్నా సరే, 'నా కొడుకు మీద ఫిర్యాదొద్దు' అనే హక్కు బుద్ధి నిలకడగా ఉన్న తల్లికి ఉంటుంది. ఆమెను కాపాడే పేరుతో ఆమె నిర్ణయాన్ని లాక్కోవడం కూడా ఒక రకం అగౌరవమే. ఎప్పుడు ఆమె మాట వినాలి, ఎప్పుడు ప్రాణాపాయం ఉందని ఆ మాట దాటాలి అన్నది శిక్షణ పొందినవారికీ కత్తిమీద సామే. బ్రిటన్ కేర్ చట్టం 'నిస్సహాయులు' అన్న మాటనే వదిలేసి 'ప్రమాదంలో ఉన్న పెద్దలు' అని మార్చుకోవడం వెనుక ఉన్నది ఈ ఆలోచనే. లోపం మనిషిలో కాదు, ఆ మనిషి చిక్కుకున్న పరిస్థితిలో ఉందని.

మరి అటెండెంట్ మాటేమిటి? నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. అటెండెంట్‌కు అలాంటిదేదీ లేదు. ఇరవై నాలుగు గంటల డ్యూటీ పేరిట నెలల తరబడి అదే గదిలో నేల మీద పడుకుని, రాత్రికి నాలుగుసార్లు లేచి, వారానికొక సెలవు కూడా లేక, ఇల్లు ఇచ్చే డబ్బులో ఏజెన్సీ ఎంత కోసుకుందో తెలియక పనిచేసే అమ్మాయి సహనం ఎన్నాళ్లు నిలుస్తుంది? చెయ్యి లేవబోతోందని అనిపించిన క్షణంలో పక్క గదిలోకి వెళ్లి ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు తెలిసి ఉండటం కూడా ఈ శిక్షణలో భాగమే. ఆ ఫోన్ ఎత్తే మనిషి ఏజెన్సీలో ఉండాలి. పోలీసు వెరిఫికేషన్ ఆమె గతాన్ని చూస్తుంది. రేపు ఏం చేయాలో అది నేర్పదు.

చట్టం ఈ మనిషిని దాదాపుగా చూడనేలేదు. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ఊహలో వృద్ధుడి బాధకు కారణం కొడుకు, పరిష్కారం భరణం. ఆర్డీవో స్థాయి అధికారి నేతృత్వంలోని ట్రిబ్యునల్ నెలకు గరిష్ఠంగా రూ.10,000 దాకా భరణం ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతుపై ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఊర్మిళా దీక్షిత్ కేసులో ఈ నిబంధనను వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని తేల్చిచెప్పింది కూడా. వృద్ధులను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల జైలు లేదా అయిదు వేల జరిమానా, లేదా రెండూ. వదిలేయకుండా ఇంట్లోనే ఉంచి గిల్లేవారి గురించి ఆ చట్టంలో ఏమీ లేదు.

అయితే అదే చట్టంలోని 21వ సెక్షన్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పోలీసులు, న్యాయాధికారులు సహా ప్రభుత్వ అధికారులకు ఈ అంశాలపై ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇవ్వాలని అది ప్రభుత్వాలను ఆదేశిస్తోంది. అంటే శిక్షణ అన్నది స్వచ్ఛంద సంస్థల సరదా కాదు, పార్లమెంటు మాట. కానీ అది అధికారుల దగ్గరే ఆగిపోయింది. గార్డు, అటెండెంట్, బ్యాంకు క్యాషియర్, ఫిజియోథెరపిస్టు, అంటే తేడాను మొదట గమనించగలిగిన వారెవరూ ఆ జాబితాలో లేరు.

అటెండెంట్‌ను నేరుగా ఉద్దేశించిన నిబంధన వెతికితే దొరికేది 1860 నాటి భారత శిక్షాస్మృతిలో. చిన్న వయసు, జబ్బు లేదా ఒంటి బలహీనత వల్ల నిస్సహాయంగా ఉన్న మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలని ఆ పని మానేసినవారికి 491వ సెక్షన్ మూడు నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా రాసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 357వ సెక్షన్ అయింది. జరిమానా అయిదు వేలయింది. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగలిగే నేరం ఇప్పటికీ కాదు. బ్రిటిష్ దొర ఇంటి ఆయా కోసం రాసినట్టున్న ఆ వాక్యమే ఇవాళ్టి గోల్ఫ్ కోర్స్ రోడ్డు ఫ్లాట్లకూ వర్తిస్తోంది.

చాలామందికి తెలియని రెండు దారులు మాత్రం ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఏడో సెక్షన్ ప్రకారం వేధింపు జరుగుతోందని, జరగబోతోందని నమ్మే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు తెలపవచ్చు. పార్కిన్సన్స్ వ్యాధి కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక రోగిని ఇంట్లో హింసిస్తున్నారని లేదా నిర్లక్ష్యం చేస్తున్నారని తెలిస్తే వెంటనే మేజిస్ట్రేట్‌కు నివేదించే బాధ్యతను స్టేషన్ ఇన్‌ఛార్జిపై పెట్టింది. పిల్లల విషయంలో పోక్సో చట్టం లైంగిక నేరం తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలంటుంది. పెద్దల విషయంలో అంతటి నిర్బంధం లేదు.

అసలు ఈ శిక్షణ ఎలా ఉండాలో గురుగ్రామ్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టం వచ్చాక ఇక్కడి కంపెనీలు సిబ్బందికి పాఠాలు చెప్పడం నేర్చుకున్నాయి. కంప్యూటర్ తెర మీద పది బొమ్మలు, కొన్ని సన్నివేశాలు, చివర ఒక క్విజ్, ఒక సర్టిఫికెట్. విసుగ్గా క్లిక్ చేసుకుంటూ పోయేవారే ఎక్కువని తీసిపారేయవచ్చు. కానీ ఏది వేధింపు, ఎవరికి చెప్పాలి అన్న రెండు సంగతులు లక్షల మందికి చేరింది ఆ దారినే. అంతకుముందు 'ఇది మామూలే' అనుకున్న వాటికి ఒక పేరు వచ్చింది. ఒక చట్టం, కంపెనీలకు జరిమానా భయం ఉంటే అది సాధ్యమైంది.

ఇక్కడ లోపించింది ఆ భయమే. ఇంటికి మనుషులను పంపే ఏజెన్సీలను రిజిస్టర్ చేయాలని, వాటికి కనీస ప్రమాణాలు, శిక్షణ పొందిన సంరక్షకులు ఉండాలని, ప్రతి పోలీసు స్టేషన్‌లో వృద్ధుల కోసం ఒక నోడల్ అధికారి ఉండాలని ప్రతిపాదిస్తూ కేంద్రం 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టింది. అది స్థాయీ సంఘానికి వెళ్లింది, నివేదిక 2021లో వచ్చింది, బిల్లు మాత్రం ఓటింగ్ దాకా రాలేదు. 2024లో ఆ లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. రాష్ట్రాల ధ్యాసంతా కొడుకుల మీదే. అస్సాం 2017లో తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వోద్యోగుల జీతంలో కోత పెట్టేలా చట్టం చేసింది. తెలంగాణలోనూ అలాంటిదే తెస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 అక్టోబరులో ప్రకటించారు. కోత పడ్డ డబ్బుతో తల్లిదండ్రులు ఏ అటెండెంట్‌ను పెట్టుకోవాలన్నది అప్పటికీ మిగిలే ప్రశ్న.

శిక్షణకు అవకాశాలు బొత్తిగా లేవని కాదు. గురుగ్రామ్ సరిహద్దు దాటగానే ఢిల్లీ ద్వారకలో కేంద్ర ప్రభుత్వ జాతీయ సామాజిక రక్షణ సంస్థ ఉంది. వృద్ధుల సంరక్షకులకు శిక్షణ ఇప్పించే పని దాని బాధ్యతల్లో ఒకటి. హోమ్ హెల్త్ ఎయిడ్ వంటి పనులకు నైపుణ్య శిక్షణ కోర్సులున్నాయి. చేరాలని మాత్రం ఎవరినీ ఏ చట్టమూ బలవంతపెట్టదు. సర్టిఫికెట్ ఉన్న మనిషిని పంపితే ఏజెన్సీకి ఖర్చెక్కువ. అడిగే కుటుంబాలు తక్కువ. బరువు ఎత్తగలదా, వంట వచ్చా, ఎంత తీసుకుంటుంది? మన ప్రశ్నలు సాధారణంగా ఇంతే.

చెప్పుకునే చోటు విషయంలో తెలుగువారు కొంత గర్వపడవచ్చు. దేశమంతటా 14567 నంబరుతో నడుస్తున్న ఎల్డర్‌లైన్‌కు మూలం 2017లో హైదరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వ సహకారంతో టాటా ట్రస్టులు మొదలుపెట్టిన ప్రయోగం. ఫోన్‌లో సలహా చెప్పడంతో ఆగకుండా, అవసరమైతే మనుషులు వచ్చి చూసే ఏర్పాటు అందులో ఉంది. నేర్పినదానికి విలువ వచ్చేది అక్కడే. చూసి, విని, రాసుకున్న మనిషి ఫోన్ చేస్తే అవతల ఎవరూ కదలకపోతే ఆ శిక్షణ మరుసటి వారానికే మర్చిపోతారు.

ఎవరికీ చెప్పుకోలేకపోయిన వారిలో కొందరు చివరికి గురుగ్రామ్-ఫరీదాబాద్ రోడ్డులోని బంధ్వాడీ చేరతారు. నగరం చెత్తంతా పోసే కొండ ఉన్న ఊరది. రవి కల్రా 2008లో నెలకొల్పిన ఎర్త్ సేవియర్స్ ఫౌండేషన్ ఆశ్రమం కూడా అక్కడే ఉంది. 2021లో ఆయన మరణించాక కూడా అది నడుస్తోంది. ఇళ్లవారు వదిలేసిన వృద్ధులు, మతిస్థిమితం లేనివారు వందల మంది అక్కడ ఆశ్రయం పొందుతున్నారు. తమ పేరు, ఊరు చెప్పలేని స్థితిలో చేరినవారు కూడా వారిలో ఉన్నారు.

14567 పనిచేసేది ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆ తర్వాత ఏదైనా జరిగితే 112కు చేయాలి. ఈ రెండు నంబర్లు లిఫ్ట్ పక్కన అంటించడానికి ఏ చట్టమూ అడ్డురాదు. గురుగ్రామ్ అపార్ట్‌మెంట్ల లిఫ్టుల పక్కన ఇప్పటికైతే ప్లంబర్, ఎలక్ట్రీషియన్, గ్యాస్ ఏజెన్సీల నంబర్లే ఎక్కువగా కనిపిస్తాయి.